స్వప్న సాధన

కలలను గుర్తుంచుకుని, రాసుకుని, వాటి మీద మనసు పెట్టి, ఆ వెలుగులో తన స్వభావాన్నీ నడవడినీ కొంత చక్కదిద్దుకునే అభ్యాసం స్వప్న సాధన. మెలకువలోనే ఊహకు కావాలని చోటిచ్చి, అందులో తోచిన రూపాలతో మాట కలిపే కల్పనా సాధన దీనికి తోబుట్టువు. రెండింటి మూలాలూ ప్రాచీన మత సంప్రదాయాల్లో ఉన్నాయి. అయితే వ్యక్తి వికాసానికి పనికొచ్చే పద్ధతులుగా ఇవి రూపుదిద్దుకున్నది 20వ శతాబ్దంలో, ముఖ్యంగా స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ గుస్తావ్ యుంగ్ (1875–1961) కృషి వల్ల. మనోచికిత్సలోనూ, నిద్రా పరిశోధనలోనూ, కళాసృష్టిలోనూ వీటి వేర్వేరు రూపాలు నేడు వాడుకలో ఉన్నాయి.

స్వప్నఫలం చెప్పడం వేరు, స్వప్న సాధన వేరు. ఫలం చెప్పేవారికి కల రాబోయేదానికి శకునం. కలగన్నవారు చేయవలసిందల్లా ఎదురుచూడడమో, శాంతి చేయించడమో. సాధకుడికి కల ముడిసరుకు. లేచాక దానితో ఏం చేశాడన్నదే దాని విలువను తేలుస్తుంది.

మాటలు, అర్థాలు

తెలుగులో కల "వస్తుంది". మనం కల "కంటాం" కూడా. మొదటి మాటలో కల పిలవని చుట్టం. రెండో మాటలోని "కను" ధాతువుకు చూడడం, ప్రసవించడం అని రెండర్థాలు. కల మన ప్రమేయం లేకుండా వచ్చేదా, మనం కనేదా అన్న చర్చ మనోవిజ్ఞానంలో ఇప్పటికీ నడుస్తోంది. భాష మాత్రం రెండింటినీ ఉంచుకుంది. ఊహ విషయంలోనూ ఇలాంటి విశేషమే ఉంది. ఊహల్లో తేలిపోవడం, పగటికలలు కనడం, గాలిమేడలు కట్టడం అన్నవి తక్కువ చేసి అనే మాటలు. కానీ పసితనం దాటి తెలివి వికసించడాన్ని "ఊహ తెలియడం" అనే అంటారు.

ఈ అభ్యాసానికి సరిగ్గా నప్పే మాట ఆయుర్వేదంలో దొరుకుతుంది. చూర్ణాన్ని ఏదైనా ఆకు రసంతో తడిపి, నూరి, ఆరబెట్టి, మళ్లీ తడిపి నూరడాన్ని వైద్యులు "భావన" చేయడం అంటారు. మనసులో ఒక రూపాన్ని నిలపడానికీ భావన అనే పేరు. ఒక్కసారి తలచుకుని వదిలేస్తే అది ఊహ. మళ్లీ మళ్లీ పట్టి నూరితే భావన.

ప్రాచీన సంప్రదాయాలు

ప్రాచీన గ్రీసులో రోగులు వైద్య దేవత ఆస్క్లెపియస్ ఆలయాలకు వెళ్లి, శుద్ధి చేసుకుని, ఆ ఆవరణలోనే నిద్రపోయేవారు. కలలో దేవుడు కనిపించి నయం చేస్తాడనో, చికిత్స చెబుతాడనో నమ్మకం. ఎపిడారస్ ఆలయంలో దొరికిన శిలాఫలకాల మీద ఇలా నయమైనవారి కథనాలు చెక్కి ఉన్నాయి. ఏదైనా సమస్యకు దారి కోరుతూ నిద్రపోయే ఈ పద్ధతిని నేటి పరిశోధకులు "కలను పొదగడం" అంటారు. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన ఆర్టెమిడోరస్ ఐదు భాగాల స్వప్నశాస్త్ర గ్రంథం రాశాడు. అది ఫలాల పట్టికే అయినా అందులో ఒక తెలివైన నియమం ఉంది: కలగన్నవారి వయసు, వృత్తి, స్థితిగతులు తెలుసుకోకుండా ఫలం చెప్పకూడదు. ఒకే కల ఇద్దరికి వస్తే అర్థం ఒకటి కానక్కరలేదని ఆయన గ్రహించాడు.

భారతీయ గ్రంథాల్లో కల గురించిన ఆలోచన రెండు పాయలుగా సాగింది. ఒకటి తాత్త్వికం. కలలో రథాలు, గుర్రాలు, దారులు లేకపోయినా వాటిని సృష్టించుకునేది తానేనని బృహదారణ్యకోపనిషత్తు వివరిస్తుంది. 12 మంత్రాల మాండూక్యోపనిషత్తు జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయం అనే నాలుగు స్థితులను చెబుతూ, స్వప్నస్థితిలోని చైతన్యాన్ని తైజసుడని పిలుస్తుంది. కలలోనో నిద్రలోనో కలిగిన జ్ఞానాన్ని ఆలంబనగా చేసుకున్నా మనసు నిలుస్తుందని పతంజలి యోగసూత్రాల మొదటి పాదం అంటుంది.

రెండోది వైద్యులది. చరకసంహిత ఇంద్రియస్థానం కలలను ఏడు రకాలుగా విభజించింది: చూసినవాటి వల్ల వచ్చేవి, విన్నవాటి వల్ల వచ్చేవి, అనుభవించినవి, కోరుకున్నవి, కల్పించుకున్నవి, భావిని సూచించేవి, శరీర దోషాల వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం ఉండదని స్పష్టంగా చెప్పింది. అంటే కలల్లో ఎక్కువ భాగం మన చూపులు, వినికిళ్లు, కోరికలతో అల్లుకున్నవేనని ప్రాచీన వైద్యులు ఒప్పుకున్నట్టే. నేటి సాధన మొదలయ్యేది సరిగ్గా వారు ఫలం లేదని పక్కన పెట్టిన ఆ ఐదింటి దగ్గరే.

ఈ సంప్రదాయాలు కలను అభ్యాసంగా మలచిన తీరుకు టిబెట్ బౌద్ధుల స్వప్నయోగం మంచి ఉదాహరణ. 11వ శతాబ్దపు నారోపా పేరుతో ప్రసిద్ధమైన ఆరు సాధనల్లో ఇదొకటి. కలలో ఉండగానే ఇది కల అని గుర్తించడం, ఆ తర్వాత మెలకువ కూడా అంత గట్టిది కాదని గ్రహించడం దీని ఉద్దేశం. ఊహ విషయానికొస్తే, దేవతా రూపాన్ని ఆపాదమస్తకం మనసులో కట్టుకోవడానికి ధ్యానశ్లోకాలు, పూలూ పత్రీ లేకుండా మనసులోనే చేసే మానసపూజ ఇంటింటా ఉన్నవే.

తెలుగు సాహిత్యంలోను, లోకంలోను

తెలుగు కావ్యాల అవతారికల్లో కల పని పురమాయిస్తుంది. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం మొదట్లో, తండ్రి కొమ్మన కలలో కనిపించడాన్నీ, హరిహరనాథుడు దర్శనమిచ్చి కృతిని కోరడాన్నీ చెప్పుకున్నాడు. తర్వాత వచ్చింది 15 పర్వాల రచన. 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర దారిలో కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసం ఉండగా, నాలుగో జామున ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యదలో ఉంది. రాయలు లేచాక సభ పిలిచి, పండితులకు కల వినిపించి, వారి మాట విన్నాకే రచనకు పూనుకున్నాడు. 15వ శతాబ్దపు పోతనది కల కూడా కాదు. గ్రహణ స్నానం చేసి, ఇసుక తిన్నె మీద అరమోడ్పు కన్నులతో ధ్యానంలో ఉండగా రామభద్రుడు కనిపించాడంటాడు. నిద్రకూ మెలకువకూ నడుమ ఉన్న ఆ స్థితి కల్పనా సాధన చేసేవారు కోరుకునేదే. ఈ కథలను భక్తిగా చదివినా, కావ్యమర్యాదగా చదివినా ఒక పోలిక తప్పదు: ముగ్గురిలో ఎవరూ ఫలం కోసం కాచుకుని కూర్చోలేదు. కలలోనో ధ్యానంలోనో అందిన పనిని చేసి చూపారు.

లోకవ్యవహారంలో మాత్రం ఫలానిదే పైచేయి. తెల్లవారుజాము కల నిజమవుతుందని నమ్మకం. పాము కనబడితే ఏమిటి, పళ్లు ఊడితే ఏమిటి అన్న పట్టికలు చిన్న పుస్తకాల్లో అమ్ముడవుతాయి. చనిపోయిన పెద్దలు కలలోకి వస్తే, వారికి ఏదో లోటు చేశామని అన్నదానమో బట్టల దానమో చేస్తారు. గజేంద్రమోక్షం చదివితే దుస్స్వప్నాలు పోతాయని భాగవత ఫలశ్రుతి. పడుకునేముందు పిల్లల చేత రాముడు, స్కందుడు, హనుమంతుడు, గరుత్మంతుడు, భీముడు అనే ఐదుగురి పేర్లున్న శ్లోకం చెప్పించేదీ పీడకలలు రాకూడదనే. పసివాడి ఊహలోకి బలవంతులైన ఐదుగురు కాపలాదారులను పంపి నిద్రపుచ్చే ఈ అలవాటును ఏ మనోవైద్యుడూ కాదనడు.

ఫ్రాయిడ్ నుంచి యుంగ్ వరకు

వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ రాసిన "కలల వ్యాఖ్యానం" 1899 నవంబరులో వెలువడింది. పుస్తకం మీద మాత్రం 1900 అని వేశారు. తొలి ముద్రణ 600 ప్రతులు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. కలకు పైకి కనిపించే కథ ఒకటి, దాని కింద దాగిన కోరిక ఒకటి ఉంటాయని, కోరికను పోల్చుకోనివ్వకుండా మనసు రూపాలను కుదిస్తుందని, ప్రాధాన్యాలను తారుమారు చేస్తుందని ఫ్రాయిడ్ సిద్ధాంతం. కలలోని ఒక్కో ముక్కకూ మనసులో ఏది తోస్తే అది చెప్పించడం ఆయన పద్ధతి. భారతదేశంలో ఈ ఆలోచనలను అందుకున్న తొలివారిలో ఒకడు గిరీంద్రశేఖర్ బోస్. ఆయన 1922లో కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు, బెంగాలీలో "స్వప్న" అనే పుస్తకం రాశాడు.

ఫ్రాయిడ్‌తో 1913లో తెగిపోయిన యుంగ్, కల దేనినీ దాచదని వాదించాడు. కల తనకు తెలిసిన భాషలో, అంటే బొమ్మల భాషలో, ఉన్నదున్నట్టు మాట్లాడుతుంది. మెలకువలో మనిషి ఒక వైపు మరీ ఒరిగిపోతే కల రెండో పళ్లెంలో బరువు వేస్తుంది. కలలో కనిపించే మనుషులు చాలాసార్లు కలగన్నవాడిలోని అంశాలే.

అదే ఏడాది డిసెంబరు 12న యుంగ్ తన మేజా ముందు కూర్చుని, మనసులో పొంగుతున్న దృశ్యాలను అడ్డుకోకుండా కావాలని వాటిలోకి దిగాడు. అక్కడ ఎదురైన రూపాలతో మాట్లాడాడు, వాదించాడు, ఆ సంభాషణలను పుస్తకాలకెక్కించాడు. వాటిని ఎర్రతోలు అట్ట ఉన్న పెద్ద పుస్తకంలోకి అందమైన దస్తూరితో, రంగు బొమ్మలతో ఎక్కించే పని ఏళ్ల తరబడి సాగింది. "ఎర్ర పుస్తకం"గా పేరుపొందిన ఇది ఆయన పోయిన చాలాకాలానికి, 2009లో, సోను శందాసాని సంపాదకత్వంలో అచ్చయింది. ఈ అభ్యాసానికి ఆయన పెట్టిన పేరు "క్రియాశీల కల్పన". దాని సిద్ధాంతాన్ని 1916లోనే ఒక వ్యాసంగా రాసినా, దశాబ్దాల పాటు అచ్చుకివ్వలేదు.

ఆ రూపాల్లో ముఖ్యుడు ఫిలెమోన్ అనే వృద్ధుడు. మొదట లకుముకి పిట్ట రెక్కలతో, ఎద్దు కొమ్ములతో, చేతిలో నాలుగు తాళంచెవులతో కలలో కనిపించాడు. యుంగ్ ఆ బొమ్మ వేస్తున్న రోజుల్లోనే ఇంటి తోటలో, సరస్సు ఒడ్డున చచ్చిపడి ఉన్న లకుముకి దొరికిందట. ఫిలెమోన్‌తో మాట్లాడుతూ ఆయన తెలుసుకున్నది ఇది: మనసులో పుట్టే ఆలోచనలన్నీ నేను తయారుచేసినవి కావు, వాటికి వాటి బతుకు ఉంది. సుమారు 15 ఏళ్ల తర్వాత ఇంటికి వచ్చిన ఒక భారతీయ పెద్దమనిషిని, మీ గురువెవరని యుంగ్ అడిగాడు. ఆయన శంకరాచార్యుల పేరు చెప్పాడు. శతాబ్దాల కింద గతించినవారు గురువు కావడం కొందరికి మామూలే అని విన్నాక, ఫిలెమోన్ సంగతిలో తాను ఒంటరిని కానన్న ఊరట కలిగిందని యుంగ్ తన జ్ఞాపకాల్లో చెప్పాడు.

1937–38 శీతకాలంలో యుంగ్ భారతదేశం వచ్చాడు. కలకత్తాలో జిగట విరేచనాలతో ఆస్పత్రిలో ఉండి, హోటలుకు తిరిగొచ్చాక ఒక కల వచ్చింది. ఇంగ్లాండు దక్షిణ తీరం దగ్గరి దీవిలాంటి చోట, క్రైస్తవ పురాణగాథల పవిత్రపాత్రను తెచ్చే పని తన మీద పడింది. చలిలో నీళ్లు ఈది వెళ్లాలి. భారతదేశపు అద్భుతాల మధ్య ఉన్నవాడికి కల ఐరోపా పనిని గుర్తుచేసిందని ఆయన అర్థం చేసుకున్నాడు. మరో పళ్లెంలో బరువు వేయడమంటే ఇదే.

యుంగ్ శిష్యురాలు మరీ లూయిజ్ వాన్ ఫ్రాంజ్ క్రియాశీల కల్పనను నాలుగు మెట్లుగా చెప్పింది: మనసులోని రొదను ఖాళీ చేయడం, తోచిన రూపాన్ని రానివ్వడం, రాతలోనో బొమ్మలోనో మట్టిలోనో దానికి ఆకారమివ్వడం, చివరగా ఆ రూపంతో నైతిక బాధ్యతతో తలపడడం. పగటికల నుంచి దీన్ని వేరుచేసేది ఆఖరి మెట్టు. పగటికలలో మనం చూస్తూ కూర్చుంటాం. ఇక్కడ ఆ రూపం ఒక తప్పుడు పని చేయమంటే కాదనాలి, ఒప్పుకున్న మాటను మెలకువలో నిలబెట్టుకోవాలి.

ఒకే కల, నాలుగు పద్ధతులు

తర్వాతి కాలంలో వచ్చిన పద్ధతుల తేడా తెలియడానికి ఒక కలను ఊహిద్దాం. పట్నంలో ఉద్యోగం చేసే మనిషికి, ఏనాడో అమ్మేసిన పల్లెటూరి పెంకుటిల్లు కలలో కనిపించింది. వంటగది వెనక ఇదివరకెన్నడూ చూడని గది ఉంది. తలుపు తీస్తే లోపల ధూళి పట్టిన హార్మోనియం.

యుంగ్ బాటలో నడిచేవారు, ఆ మనిషికి ఇల్లంటే ఏమిటి, హార్మోనియం అంటే ఏమిటి అని అడుగుతారు. కాస్త కళ్లు మూసుకుని మళ్లీ ఆ గదిలోకి వెళ్లి, వాద్యం ముందు కూర్చోమంటారు. తాను వాడక వదిలేసిన శక్తి ఏదో ఉందా అన్నది వారి ప్రశ్న.

గెస్టాల్ట్ చికిత్సకు ఆద్యుల్లో ఒకడైన ఫ్రిట్జ్ పెర్ల్స్ 1960ల్లో కాలిఫోర్నియాలోని ఎసలెన్ సంస్థలో కలలతో పనిచేయించేవాడు. కలలో ప్రతి వస్తువూ నువ్వే అన్నది ఆయన సూత్రం. కాబట్టి ఆ మనిషి హార్మోనియమే అయిపోయి, ఎదురుగా ఖాళీ కుర్చీలో ఊహించుకున్న ఇంటి యజమానితో మాట్లాడాలి. "ఇన్నేళ్లు నన్నెందుకు చూడలేదు?" అని నోరు తెరిచి అన్నప్పుడు గొంతులో వచ్చే వణుకే కల అర్థం కంటే ముఖ్యం.

అమెరికా మనోవైద్యుడు మాంటేగ్ ఉల్మన్ కలను చికిత్సగది నుంచి మామూలు జనం కూడే గుంపులోకి తెచ్చాడు. ఒకరు కల చెబుతారు. మిగిలినవారు "ఈ కల నాదే అయితే" అనుకుని తమకు తోచింది చెబుతారు. ఎవరూ కలగన్నవారికి అర్థం అంటగట్టరు. ఏది ఒప్పుకోవాలో, ఎక్కడ ఆపాలో తేల్చే హక్కు కల చెప్పినవారిదే. రాయలు సభ పిలిచి కల వినిపించిన పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నా, పండితుడి స్థానం ఇందులో ఖాళీ.

మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లారా హిల్ పద్ధతికి మూడు దశలు: అన్వేషణ, అంతర్దృష్టి, ఆచరణ. చివరి దశలో, ఈ కల వల్ల వచ్చే వారం ఏం మారుస్తావు అని అడుగుతారు. సంగీతం మాస్టారికి ఫోన్ చేయడమో, అక్కతో ఇంటి ముచ్చట్లు మాట్లాడుకోవడమో జవాబు కావచ్చు.

కల లేనివారికి మెలకువలోనే దారి చూపింది జర్మన్ వైద్యుడు హాన్స్‌కార్ల్ లాయ్‌నర్. 1950ల్లో ఆయన రూపొందించిన పద్ధతిలో, ఒళ్లు సడలించి పడుకున్న వ్యక్తికి పచ్చిక బయలు, వాగు, కొండ, ఇల్లు, అడవి అంచు వంటి తావులను ఊహించమని సూచిస్తారు. వాగు ఎక్కడ ఆగింది, ఇంట్లో ఏ గది చీకటిగా ఉంది అన్న వివరాలతో పని మొదలవుతుంది.

నిద్రాశాస్త్రం చెప్పేది

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ నిద్రలో కనుగుడ్లు వడివడిగా కదిలే దశ ఉందని ప్రకటించారు. సుమారు 90 నిమిషాలకొకసారి వచ్చే ఈ దశ పెద్దవారి నిద్రలో దాదాపు నాలుగోవంతు. తెల్లవారేకొద్దీ నిడివి పెరుగుతుంది. ఈ దశలో లేపితే ఎక్కువమంది స్పష్టమైన కల చెబుతారు. తెల్లవారుజాము కలకు మన లోకంలో ఉన్న ప్రత్యేక స్థానానికి కారణం బహుశా ఇదే: కలలు దట్టంగా వచ్చేదీ, వెంటనే మెలకువ రావడం వల్ల గుర్తుండేదీ అప్పుడే.

కలకు అర్థం ఉందా అన్న ప్రశ్నకు ఏకాభిప్రాయం లేదు. మెదడు కాండం నుంచి ఎగసే సంకేతాలను పై మెదడు ఏదో కథగా అల్లుతుందని అలన్ హాబ్సన్, రాబర్ట్ మెకార్లీ 1977లో ప్రతిపాదించారు. కాల్విన్ హాల్, రాబర్ట్ వాన్ డి కాజిల్ వేల కలలను వర్గీకరించే పద్ధతి తయారుచేసి 1966లో ప్రకటించారు. పగటి బతుకులోని ఆందోళనలు, బంధాలే చాలావరకు కలలోనూ కొనసాగుతాయని ఆ బాటలో తేలింది. విడాకుల బాధలో ఉన్నవారి మీద రోజలిండ్ కార్ట్‌రైట్ చేసిన అధ్యయనాల్లో, మాజీ భాగస్వామిని కలల్లో బలమైన ఉద్వేగంతో చూసినవారు దిగులు నుంచి ఎక్కువగా బయటపడ్డారు.

కల పొదగడం గురించి డీర్‌డ్రా బారెట్ 1993లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులు వారం పాటు ఒక సమస్యను తలచుకుంటూ నిద్రపోయారు. దాదాపు సగం మందికి ఆ సమస్యకు సంబంధించిన కల వచ్చింది. వారిలో ఎక్కువమంది పరిష్కారం దొరికినట్టు భావించారు. 2021లో పారిస్ పరిశోధకుల ప్రయోగంలో, నిద్ర మొదటి మెట్టులో కనీసం 15 సెకన్లు గడిపినవారిలో 83 శాతం ఒక లెక్కలోని దాగిన కిటుకు కనిపెట్టగా, మేలుకునే ఉన్నవారిలో 30 శాతమే కనిపెట్టారు. గాఢనిద్రలోకి జారినవారికి ఆ లాభం దక్కలేదు.

ఎరుక గల కల

ఇది కల అని తెలుస్తూనే కలలో ఉండడాన్ని డచ్చి వైద్యుడు, రచయిత ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో "స్ఫుట స్వప్నం" అనే అర్థంలో పేర్కొన్నాడు. 1975లో ఇంగ్లాండులో కీత్ హెర్న్, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ దీనికి ప్రయోగశాల రుజువు చూపారు. కలలో ఒంటి కండరాలు సడలి కదలకపోయినా కళ్లు కదులుతాయి కనుక, ముందే అనుకున్న లెక్క ప్రకారం కనుగుడ్లు తిప్పి నిద్రలోంచే సైగ చేశారు. 2021 నాటికి నాలుగు దేశాల ప్రయోగశాలల్లో కలగంటున్నవారిని చిన్న లెక్కలు అడిగి, కంటి సైగలతో జవాబులు రాబట్టగలిగారు. జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వచ్చిందనేవారు దాదాపు సగం మంది. తలచినప్పుడు తెచ్చుకోగలిగేవారు మాత్రం అరుదు.

పీడకలను తిరగరాయడం

కల్పనా సాధనలో వైద్యపరంగా గట్టి ఆధారాలున్నది పీడకల చికిత్స. పదేపదే వచ్చే పీడకలను కాగితం మీద రాసి, ఎక్కడో ఒకచోట నచ్చినట్టు మార్చి, మారిన కథను రోజూ 10 నుంచి 20 నిమిషాలు మనసులో నడిపించాలి. తరుముకొచ్చేవాడు ఆగి దారి అడగవచ్చు. మూసిన తలుపుకు గొళ్లెం దొరకవచ్చు. లైంగిక దాడికి గురై తీవ్ర మానసికాఘాతంతో బాధపడుతున్న మహిళలపై బారీ క్రాకో బృందం చేసిన పరీక్ష 2001లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. పీడకలలు తగ్గాయి, నిద్ర బాగుపడింది. అమెరికా నిద్రా వైద్య అకాడమీ 2018లో ప్రకటించిన వైఖరి పత్రంలో ఈ పద్ధతిని సిఫారసు చేసింది. 2022లో జెనీవా పరిశోధకులు, కొత్త కథను ఊహిస్తున్నప్పుడు ఒక పియానో స్వరం వినిపించి, నిద్రలో అదే స్వరాన్ని మళ్లీ వినిపిస్తే ఫలితం ఇంకా మెరుగుపడిందని చూపారు.

పగటి ఊహ

కోరుకున్నది కళ్లముందు కట్టుకుంటే చాలు జరుగుతుందన్న ప్రచారం వికాస పుస్తకాల్లో ఎక్కువ. ప్రయోగాలు దీన్ని సమర్థించవు. గాబ్రియెలె ఓటింగెన్ 1991లో థామస్ వాడెన్‌తో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన మహిళల్లో, సన్నబడ్డట్టు తీపి ఊహలు ఎక్కువగా అల్లుకున్నవారు తక్కువ బరువు తగ్గారు. సాధిస్తానన్న నమ్మకం మేలు చేసింది గాని, సాధించేసినట్టు ఊహించుకోవడం పట్టు సడలించింది. లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ 1999లో ప్రకటించిన ప్రయోగంలో, మంచి మార్కులొచ్చినట్టు ఊహించుకున్న విద్యార్థుల కంటే, పుస్తకం తీసి కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవారు ఎక్కువ గంటలు చదివి, ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. గమ్యాన్నీ, దానికి తనలోనే ఉన్న అడ్డంకినీ పక్కపక్కన పెట్టి చూడమని ఓటింగెన్ సూచించింది. ఊహలోనూ ఫలం కంటే పని మేలన్నమాట.

ఊహ అందరికీ ఒకేలా ఉండదు. మనసులో బొమ్మే కట్టని వారికి 2015లో ఆడమ్ జీమన్ "అఫాంటేజియా" అని పేరు పెట్టాడు. అలాంటివారు మాటలతో, ఒంటి కదలికతో ఇదే సాధన చేసుకోవచ్చు.

సాధన క్రమం

వేర్వేరు సంప్రదాయాలు చెప్పే క్రమంలో ఉమ్మడి అంశాలివి. పక్క దగ్గర ఒక రూళ్ల పుస్తకం, కలం ఉంచుకోవాలి. మెలకువ రాగానే ఫోను ముట్టకుండా, ఒత్తిగిల్లకుండా, చివరి దృశ్యం పట్టుకుని వెనక్కి నడవాలి. ముక్కలైనా సరే, జరుగుతున్నట్టుగా రాసుకోవాలి. తేదీ వేసి, కలకు ఒక పేరు పెట్టి, అప్పటి భావాన్ని ఒక్క మాటలో గుర్తించాలి.

రాసుకోవడం ఎంత అవసరమో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఒట్టో లోవి కథ చెబుతుంది. నరాల నుంచి గుండెకు సందేశం రసాయనంగా వెళ్తుందని తేల్చే ప్రయోగం ఆయనకు ఒక రాత్రి కలలో తోచింది. చీకట్లో గీసుకున్న గీతలు తెల్లారి చదువుకోలేకపోయాడు. మర్నాటి రాత్రి మళ్లీ అదే తోచేసరికి లేచి నేరుగా ప్రయోగశాలకు వెళ్లి, కప్ప గుండెల మీద పరీక్షించాడు. 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రాసుకున్నాక, నిన్నటి రోజులోని ఏ ముచ్చట కలలోకి చొరబడిందో చూడాలి. తర్వాత ఒక్కో రూపానికీ తన సొంత తలపులను చేర్చాలి. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఇల్లాలి కలలోని పామూ, పాముకాటుకు ఎద్దును పోగొట్టుకున్న రైతు కలలోని పామూ ఒకటి కావు. పట్టికలు విఫలమయ్యేది ఇక్కడే. ఒక్క కల కంటే నెలల తరబడి వచ్చిన వరుస ఎక్కువ చెబుతుంది. చివరికి చిన్న పని ఒకటి ఎంచుకుని చేయాలి: ఉత్తరం రాయడం, క్షమాపణ అడగడం, ఆపేసిన అభ్యాసం మొదలుపెట్టడం.

విమర్శలు, జాగ్రత్తలు

మలయా కొండల్లోని సెనోయ్ ప్రజలు ప్రతి ఉదయం కలలు చర్చించుకుని ఏ కలహాలూ లేకుండా బతుకుతారని 1951లో కిల్టన్ స్టీవార్ట్ రాసిన వ్యాసం, 1960, 70ల్లో అమెరికాలో స్వప్న బృందాలకు స్ఫూర్తి అయింది. ఆ వర్ణనకు క్షేత్ర ఆధారాలు లేవని విలియం డామ్‌హాఫ్ 1985లో చూపాడు. ఇంకో ప్రమాదం జ్ఞాపకాలకు సంబంధించినది. నిపుణుడు కలకు చెప్పిన అర్థాన్ని బట్టి, జరగని బాల్య సంఘటన జరిగిందని జనం నమ్మడం మొదలుపెడతారని జూలియానా మజోని, ఎలిజబెత్ లాఫ్టస్ ప్రయోగాలు నిరూపించాయి. కాబట్టి కల ఎవరి మీదా సాక్ష్యం కాదు. కలలో మోసం చేసిన భార్యనో, దాడి చేసిన మామనో మెలకువలో నిలదీయడం తగదు.

నిద్రలో కలకు తగ్గట్టు చేతులూ కాళ్లూ విసరడం, మంచం మీద నుంచి దూకడం నరాల వ్యాధికి తొలి సూచన కావచ్చు, వైద్యుడికి చూపించాలి. తీవ్ర మానసికాఘాతం, భ్రాంతులు, నిజానికీ ఊహకూ హద్దు చెరిగే స్థితి ఉన్నవారు ఒంటరిగా కల్పనా సాధన చేయకూడదు. ఇటువంటి ఇబ్బందుల్లో ప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. స్ఫుట స్వప్నాల కోసం నడిరాత్రి అలారం పెట్టుకుని నిద్ర పాడుచేసుకోవడం కూడా నష్టమే.

నిజానికీ ఊహకూ హద్దు చెరగనివ్వకూడదన్న జాగ్రత్త నేర్పినవాడు యుంగే. లోలోపలి రూపాలు ముంచెత్తిన ఆ ఏళ్లలో తాను పిచ్చివాడు కాకుండా నిలిపినవేమిటో ఆయన చెప్పుకున్నాడు: చేతిలో వైద్య పట్టా, గంటకొకరు వచ్చే రోగులు, భార్య, ఐదుగురు పిల్లలు, కుస్నాక్ట్ ఊళ్లో 228 నంబరు ఇల్లు. ఇవన్నీ నిజమని ఆయన తనకు తాను మళ్లీ మళ్లీ గుర్తుచేసుకునేవాడు. ఉదయం ఫిలెమోన్‌తో మాట్లాడినా, సాయంత్రం భోజనానికి ఆ ఇంట్లోనే కూర్చోవాలి.